పళ్ళెం కింది నిప్పు (తిండి చరిత్ర – 11)



పోయిన భాగంలో ఎండు తునకల గురించి రాశాను. ఈ భాగంలో బడిలో మధ్యాహ్న భోజనం వండే దళిత స్త్రీల గురించి రాస్తానని మాటిచ్చాను. రాయడం మొదలుపెట్టిన రోజే టెక్సాస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడడిగిన ప్రశ్న నన్ను వారం రోజులు వేరే పుస్తకాల్లో తిప్పింది. తిరిగి తిరిగి చివరికి మధ్యాహ్న భోజనం దగ్గరికే వచ్చాను. దారి మారింది గానీ మాట తప్పలేదు. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

"అక్కా, ఒక పొయ్యి కొనాలె. పెల్లెట్ గ్రిల్ అంటరు. ఏది తీసుకుంటే పెద్దకూర మంచిగ కాలుతది? నాయనమ్మ కాల్చినట్టు, పైన చుర్రుమనాలె."

నాకు నవ్వొచ్చింది. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. అమెరికా పొయ్యిల గురించి నాకేం తెలుసు? అదే అన్నాను.

"నీ పీహెచ్‌డీ తిండి మీదనే గద" అన్నాడు.

"అది దళిత కథల్ల తిండి మీదరా, పొయ్యిల మీద కాదు. అయినా బొగ్గుల పొయ్యి కొనుక్కోరాదూ? అగ్గువకొస్తది. నాయనమ్మ బొగ్గుల మీదనే గద కాల్చింది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "బొగ్గులైతే మంట లేస్తదక్కా. పొగ లేస్తది. వాసన పోతది. చుట్టుపక్కల నాలుగిండ్లు మనోళ్ళవే."

ఆ "మనోళ్ళు" దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

వాడు అక్కడికి పోయి ఆరేళ్ళు. కొత్తగా ఇల్లు కొన్నాడు. చుట్టూ తెలుగువాళ్ళే. మొదటి నెలలోనే ఇంటిపేరు అడిగారు. తర్వాత ఊరడిగారు. ఆ తర్వాత "ఊళ్ళో ఎక్కడ?" అని అడిగారు. "బస్టాండ్ దగ్గర" అన్నాడట మా వాడు. అబద్ధం కాదు. మా వాడ బస్టాండ్ వెనకే ఉంటుంది. పెల్లెట్ గ్రిల్ అయితే మూత వేసే ఉంటుంది, సన్నటి పొగ తప్ప ఏమీ రాదు, చూడ్డానికి ఇనుప బీరువాలా ఉంటుంది, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వాడికి అది నచ్చింది అందుకే.

అంటే వాడికి రెండు కావాలి. నిప్పు కనబడకూడదు. మాంసం నిప్పు మీద కాల్చినట్టే ఉండాలి. ఈ రెండూ ఒకే పొయ్యిలో కుదరడం ఎందుకంత కష్టమో చూద్దామని కూర్చుంటే, అమెరికా చరిత్రలో సగం ముందుకొచ్చింది.

యంత్రం ఏం చేస్తుంది

పెల్లెట్ అంటే రంపపు పొట్టును గట్టిగా అదిమి చేసిన గుళిక. పెన్సిలంత లావుంటుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి వాడే నూనె ధర మండిపోయింది. అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో కలప మిల్లుల దగ్గర పొట్టు గుట్టలు గుట్టలు. ఆ పొట్టును గుళికలు చేసి స్టవ్వుల్లో కాల్చడం అలా మొదలైంది. 1980ల నడిమిలో ఆరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్ళో ట్రేగర్ కుటుంబం ఆ గుళికలతో మాంసం వండే పొయ్యి తయారుచేసి పేటెంటు తీసుకుంది. 2006లో ఆ పేటెంటు గడువు తీరాక మిగతా కంపెనీలు వరసబెట్టి దిగాయి. ఇవాళ కొనేవాడికి ఏది తీసుకోవాలో తెలియనన్ని రకాలు రావడానికి కారణం అదే.

పొయ్యి లోపల పని ఇలా జరుగుతుంది. పక్కన గుళికల డబ్బా. దాని అడుగున స్క్రూలా మెలితిరిగిన కడ్డీ. మోటారు ఆ కడ్డీని తిప్పుతుంటే గుళికలు కొన్ని కొన్నిగా ఒక చిన్న ఇనుప గిన్నెలో పడతాయి. కరెంటుతో ఎర్రబడే పుల్ల వాటిని అంటిస్తుంది. ఫ్యాన్ గాలి ఊదుతుంది. లోపలున్న థర్మామీటర్ వేడి చూస్తుంది. ఎప్పుడు ఎన్ని గుళికలు ఎగదోయాలో ఒక చిన్న కంప్యూటర్ లెక్క కడుతుంది.

ఇప్పుడు మా నాయనమ్మను తలుచుకోండి. ఫ్యాన్ చేసే పని ఆమె ఊదుగొట్టంతో చేసేది. థర్మామీటర్ చేసే పని అరచెయ్యి పొయ్యి మీద పెట్టి చేసేది. కడ్డీ చేసే పని తుమ్మకట్టె ముందుకు ఎగదోసి చేసేది. "నిప్పు ఎర్రగున్నప్పుడు కాదే పిల్లా, తెల్లబడ్డంక పెట్టు" అనేది. ఆ లెక్క కంప్యూటర్‌ది. నిప్పు దగ్గర కూర్చునే మనిషి పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను ఒక్కో ఇనుప భాగానికి అప్పగిస్తే వచ్చింది ఈ పొయ్యి. మనిషి నిద్రపోవచ్చు. మంచిదే. నేను యంత్రానికి వ్యతిరేకిని కాదు. పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని.

కానీ ఒక పని ఈ యంత్రానికి సరిగ్గా రాదు. ఆ నిప్పు గిన్నె మీద ఒక ఇనుప పలక ఉంటుంది. దాని మీద వాలుగా ఒక పళ్ళెం. ఆ పైన మాంసం పెట్టే ఊచలు. నిప్పుకు మాంసం కనబడదు, మాంసానికి నిప్పు కనబడదు. వేడిగాలి, పొగ చుట్టూ తిరిగి మెల్లగా ఉడికిస్తాయి. పది పన్నెండు గంటలు పట్టే పెద్ద కండలకు ఇది బ్రహ్మాండం. రెండంగుళాల ముక్కను పైన ఎర్రగా కాల్చాలంటే మాత్రం చాలదు. చాలా మోడళ్ళలో పై హద్దు 500 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 260 సెల్సియస్. అది గాలి వేడి. 200 డిగ్రీల వేడిగాలిలో క్షణం చెయ్యి పెట్టి తీసేయొచ్చు. 200 డిగ్రీల పెనం మీద పెట్టి చూడండి. అంకె ఒకటే, తగిలే వేడి వేరు.

చుర్రుమనడం అంటే

మాంసం పైన గోధుమరంగు పొర కట్టి, కమ్మటి వాసన వచ్చే మార్పును 1912లో లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. ఆ మార్పుకు ఇప్పటికీ ఆయన పేరే. మాంసంలోని ప్రొటీన్ల తునకలు, చక్కెరలు వేడికి కలిసి కొత్త రుచుల్ని పుట్టిస్తాయి. ఇది దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఊపందుకుంటుంది. ముక్క పైన తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, నీళ్ళు మరిగి ఆవిరవడానికే సరిపోతుంది. అందుకే తడిముక్కను పొయ్యి మీద వేస్తే ఉడుకుతుంది గానీ కాలదు. ఆ తడిని క్షణాల్లో ఎగరగొట్టే వేడి కావాలి. లేదా ముక్క ముందే ఆరి ఉండాలి. నాయనమ్మ తునకలు అంత బాగా కాలేవంటే అందులో ఆశ్చర్యమేముంది? అవి ఎండలో ఆరినవే కదా.

ఇంకో సంగతి. పైపొర కాలిస్తే లోపలి రసం బయటికి పోకుండా మూసుకుంటుందని 1847లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పాడు. నూరేళ్ళకు పైగా వంట పుస్తకాలు దాన్ని వేదవాక్కులా ఎక్కించుకున్నాయి. అది తప్పు. 1984లో హెరాల్డ్ మెక్‌గీ తన పుస్తకంలో దాన్ని తేటతెల్లం చేశాడు. నిజానికి అంత చదువు కూడా అక్కర్లేదు. పొయ్యి దగ్గర కూర్చున్న ఎవరికైనా ఆ చుర్రుమనే చప్పుడు రసం బయటికొచ్చి ఆవిరయ్యే చప్పుడేనని తెలుసు. చూసినవాళ్ళు రాయలేదు. రాసినవాళ్ళు పొయ్యి దగ్గర కూర్చోలేదు.

విద్యార్థి మిత్రులకు ఇక్కడ ఒక మాట. తిండి చరిత్ర చదివేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న జేబులో పెట్టుకోండి: రాసినవాడు నిప్పు దగ్గర కూర్చున్నాడా?

ఆ నిప్పు ఎవరిది

అమెరికాలో ఈ వంటనంతా బార్బెక్యూ అంటారు. ఆ మాట తెల్లవాళ్ళది కాదు. కరీబియన్ దీవుల్లోని టైనో ఆదివాసుల మాట. నిప్పుకు ఎత్తులో కట్టెల మంచె కట్టి దాని మీద మాంసం, చేపలు కాల్చుకునే పద్ధతిని 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు చూసి "బార్బకోవా" అని రాసుకున్నారు. మాట బతికింది. ఆ మాట పుట్టించిన మనుషుల్ని వలసదొరలు చాలావరకు తుడిచిపెట్టారు.

తర్వాత ఆ నిప్పు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలుగా బతికిన నల్లవాళ్ళ చేతికొచ్చింది. నేల మీద పొడుగాటి గుంత తవ్వాలి. గట్టి కట్టెలు నరికి తేవాలి. పక్కన మంట పెట్టి, బొగ్గులయ్యాక పారతో తీసి గుంతలో పరచాలి. పందుల్ని, గొర్రెల్ని కోసి పైన వెయ్యాలి. రాత్రంతా తిప్పుతూ, పులుసు రాస్తూ కూర్చోవాలి. తెల్లారాక యజమానులు, వాళ్ళ చుట్టాలు, ఓట్లడిగే నాయకులు వచ్చి తినాలి. "ఫలానా దొరగారి బార్బెక్యూ" అని పేరొస్తుంది.

1930లలో అమెరికా ప్రభుత్వం, బానిసత్వాన్ని చవిచూసి ఇంకా బతికున్న ముసలివాళ్ళను కలిసి వాళ్ళ మాటలు రాయించింది. అందులో దక్షిణ కరోలినాకు చెందిన వెస్లీ జోన్స్ అనే పెద్దాయన ఉన్నాడు. 1937లో ఆయనకు 97 ఏళ్ళు. వేడుక ముందు రాత్రంతా తాను మేలుకుని మాంసం ఎలా కాల్చేవాడో చెప్పాడు. వెనిగర్, మిరియాలు, మిరప, ఉప్పు, వెన్న, ధనియాలు, ఉల్లి, వెల్లుల్లి కలిపిన పులుసు. పొడుగాటి కర్రకు మెత్తటి గుడ్డ చుట్టి, మాంసానికి ఆ పులుసు పూస్తూనే ఉండేవాడు, అది కారి నిప్పుల్లో పడేదాకా. ఆ చుక్కలు నిప్పుల మీద పడి లేచే పొగతోనే మాంసానికి రుచి పట్టేదట.

ఇది చదివినప్పుడు నేను మళ్ళీ ఆ యంత్రం బొమ్మ తీసి చూశాను. పెల్లెట్ గ్రిల్‌లో ఆ చుక్క నిప్పుల మీద పడదు. పళ్ళెం మీద పడి, వాలు వెంట జారి, పక్కన వేలాడే బకెట్లోకి పోతుంది. నిప్పు అంటుకోకుండా అది జాగ్రత్తే. కానీ వెస్లీ జోన్స్ చెప్పిన రుచి ఆ బకెట్లోకే పోతుంది.

నిప్పు దగ్గర కూర్చున్నవాళ్ళు వండడం మాత్రమే చెయ్యలేదు. 1831 ఆగస్టు 21, ఆదివారం. వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో కొందరు బానిసలు అడవిలో కలిశారు. ఒకడు పందిని తెచ్చాడు, ఒకడు బ్రాందీ తెచ్చాడు. తిన్నారు, మాట్లాడుకున్నారు. ఆ రాత్రి నాట్ టర్నర్ నాయకత్వంలో తిరగబడ్డారు. అమెరికాను వణికించిన తిరుగుబాటు ఒక పంది చుట్టూ కూర్చుని మొదలైంది. మన వాడల్లో కూడా పెద్దకూర పంచుకునే రోజున తెగిన పంచాయతీలు, తీసుకున్న నిర్ణయాలు ఎన్ని? అవి ఎవరు రాశారు?

బానిసత్వం పోయాక అదే చేతి పని కొందరికి బతుకుతెరువైంది. కాన్సస్ సిటీ బార్బెక్యూకు ఆద్యుడిగా ఇవాళ చెప్పుకునే హెన్రీ పెర్రీ నల్లజాతి మనిషి. 1908లో ఒక సందులో బండి పెట్టి, కాల్చిన మాంసం పాత న్యూస్‌పేపర్లో చుట్టి అమ్మాడు. 1940లో చనిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చిన వాళ్ళ నుంచే ఆ ఊరి పేరు దేశమంతా పాకింది. ఏడ్రియన్ మిల్లర్ 2021లో వచ్చిన తన "బ్లాక్ స్మోక్" పుస్తకంలో, బార్బెక్యూ కథ నుంచి నల్లవాళ్ళను టీవీలు, పత్రికలు ఎలా పక్కకు నెట్టాయో వివరంగా రాశాడు. దొరికినవాళ్ళు తప్పక చదవండి.

వండొచ్చు, కూర్చోకూడదు

అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్. ఓలీస్ బార్బెక్యూ అనే హోటల్. 220 సీట్లు. పనివాళ్ళు 36 మంది, వాళ్ళలో మూడింట రెండొంతులు నల్లవాళ్ళు. వండేది వాళ్ళు, వడ్డించేది వాళ్ళు. కానీ నల్లవాళ్ళు లోపల కూర్చుని తినడానికి లేదు. కావాలంటే పొట్లం కట్టించుకుని పోవాలి.

1964 పౌరహక్కుల చట్టం ఇది కుదరదంది. హోటల్ యజమాని కోర్టుకెక్కాడు. మాది ఊరి హోటల్, కేంద్రానికి మా మీద పెత్తనమేమిటని వాదన. అప్పుడు మాంసం లెక్క తీశారు. ఏడాదిలో కొన్న తిండి సరుకు దాదాపు లక్షన్నర డాలర్లది. అందులో 69,683 డాలర్లది, అంటే 46 శాతం, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన మాంసం. రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కేంద్రానికి ఉంది కాబట్టి చట్టం నీకూ వర్తిస్తుందని 1964 డిసెంబర్ 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. నల్లమనిషి ఆత్మగౌరవం దారిలో రాని న్యాయం మాంసం బిల్లు దారిలో వచ్చింది. 1968లో దక్షిణ కరోలినాలోని పిగ్గీ పార్క్ అనే ఇంకో బార్బెక్యూ హోటళ్ళ యజమాని, నల్లవాళ్ళతో కలవడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని వాదించాడు. ఆ వాదన పసలేనిదని కోర్టు కొట్టిపారేసింది.

ఇక మన దగ్గరికి రండి. పోలిక పెడుతున్నాను గానీ రెండూ ఒకటే అనడం లేదు. తేడా ఇక్కడే ఉంది. అక్కడ నల్లచేతి వంట కావాలి, నల్లమనిషి పక్కన కూర్చోకూడదు. ఇక్కడ మన చేతి వంటే వద్దు. అక్కడి అవమానం బల్ల దగ్గర, ఇక్కడి అవమానం పొయ్యి దగ్గర. బడుల్లో వండిన భోజనం పెట్టాలని మన సుప్రీంకోర్టు 2001 నవంబర్‌లో ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న ఇంకో ఆదేశం ఇచ్చింది: వంటవాళ్ళను, సహాయకులను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలి అని. ఒక దేశంలో కోర్టు "వాళ్ళను కూర్చోనివ్వండి" అనాల్సి వచ్చింది. ఇంకో దేశంలో "వాళ్ళను వండనివ్వండి" అనాల్సి వచ్చింది. ఆ ఆదేశం వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. దళిత స్త్రీ వండిందని పిల్లలకు ఇంటి నుంచి డబ్బా కట్టి పంపే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఊళ్ళో వంట చేసిన ఒకామె కథ వచ్చే భాగంలో చెప్తాను.

పేరు దాచుకున్న వంటవాళ్ళు

తెలుగులో వంట బాగుంటే నలభీమపాకం అంటాం. ఇద్దరూ రాజులే. క్లాసులో ఈ మాట వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఒకటి అడుగుతాను. నలుడు వంట చేసింది ఎప్పుడు? రాజ్యం పోయి, బాహుకుడనే పేరుతో ఇంకొకరి కొలువులో ఉన్నప్పుడు. భీముడు వంటవాడైంది ఎప్పుడు? విరాటుడి కొలువులో వలలుడనే పేరుతో తలదాచుకున్నప్పుడు. ఇద్దరూ పేరు దాచుకున్నన్నాళ్ళే పొయ్యి దగ్గరున్నారు. పేరు తిరిగొచ్చిన రోజు వంటిల్లు వదిలి సింహాసనం వైపు వెళ్ళిపోయారు. అయినా వంటకు వాళ్ళ పేరే మిగిలింది. జన్మంతా పొయ్యి దగ్గరే ఉన్నవాళ్ళకు దాచుకోవడానికైనా ఒక పేరుందని ఎవరూ అనుకోలేదు.

మా తమ్ముడి సంగతి ఇంకో రకం. పొయ్యి కొనుక్కునే స్తోమత వచ్చింది. పేరే దాచుకోవాల్సి వస్తోంది.

వాడి భయం ఉత్తిది కాదు. కులం విమానమెక్కి పోయిందనడానికి ఇవాళ అమెరికా చట్టసభలే సాక్షి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభలు అలాంటి బిల్లే ఆమోదిస్తే అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశాడు. ఎదురింటాయన రెస్టారెంట్‌కు పోయి "స్టేక్" తింటాడట, ఫొటో కూడా పెడతాడట. మా వాడు ఇంటి వెనక కాలిస్తే అదే మాంసం "గొడ్డుకూర" అవుతుంది. ఆవు ఒకటే, తినేవాడి ఇంటిపేరు వేరు. అంబేడ్కర్ 1948లో అస్పృశ్యుల పుట్టుక మీద రాసిన పుస్తకంలో గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని విప్పిచూపాడు. 1927లో మహద్‌లో ఆయన మానమన్నది చచ్చిన గొడ్డు మాంసం తినడాన్ని. ఊరి చాకిరీకి బదులుగా మన ముందు పడేసినదాన్ని. కష్టపడి సంపాదించి, నచ్చిన ముక్క కొనుక్కుని తినడం దానికి సరిగ్గా ఎదురు పని. ఈ రెండింటినీ కలిపేసి "అంబేడ్కర్ వద్దన్నాడుగా" అనేవాళ్ళకు మన విద్యార్థులు ఈ తేడా చెప్పగలగాలి.

తమ్ముడికి ఏం చెప్పాను

వారం తర్వాత నేనే ఫోన్ చేశాను. ఇలాంటి పొయ్యి కొనే ఆలోచనలో ఉన్న మన పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ఒకటి. పళ్ళెం తెరుచుకుంటుందో లేదో ముందు చూడు. పిట్ బాస్ మోడళ్ళలో చాలావాటికి నిప్పు గిన్నె పైన జరిపే తలుపు ఉంటుంది. పిడి లాగితే మంట నేరుగా ముక్కకు తగులుతుంది. వెబర్ కంపెనీ 2020లో తెచ్చిన స్మోక్‌ఫైర్ 600 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 315 సెల్సియస్ దాకా పోయేలా చేశారు. ఆ తర్వాత అదే కంపెనీ తెచ్చిన సియర్‌వుడ్‌లోనూ నేరుగా మంట తగిలే ఏర్పాటుంది. క్యాంప్ షెఫ్ వాళ్ళు పక్కన తగిలించుకునే గ్యాస్ పొయ్యి ఇస్తారు, కాల్చే పని దాని మీద. మోడళ్ళు ఏటా మారతాయి. పేరు చూసి కాదు, మూత ఎత్తి, పళ్ళెం కదిలించి చూసి కొను.

రెండు. పెట్టె మీద రాసిన పై హద్దు గాలి వేడి. ముక్కకు తగిలేది ఊచల వేడి. సన్నటి ఊచల కన్నా బరువైన పోత ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది. డబ్బు చాలకపోతే మామూలు పెల్లెట్ గ్రిల్ కొని, అందులో పోత ఇనుప పెనం పెట్టి పూర్తి వేడి మీద అరగంట ఉంచు. నేనైతే మొదట దీంతోనే సరిపెట్టుకుంటాను.

మూడు. ఈ పొయ్యికి వచ్చిన పని ముందు చేయించు, రానిది చివర్లో. మందపాటి ముక్కను 107 సెల్సియస్ దగ్గర మెల్లగా లోపలిదాకా వేడెక్కనిచ్చి, చివర్లో మంట మీద ఒక్కో వైపు నిమిషం రెండు నిమిషాలు కాల్చు. మెల్లగా వేగేటప్పుడు పైన తడి ఆరిపోతుంది, అందుకే చివర్లో తొందరగా ఎర్రబడుతుంది. ముక్కకు ముందు రోజే ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టు. నాయనమ్మ ఎండ చేసిన పనిలో కొంత అది చేస్తుంది. లోపలి వేడి 63 సెల్సియస్ చేరి, మూడు నిమిషాలు ఆగితే చాలని అక్కడి ప్రభుత్వం చెప్తుంది. కీమా అయితే 71 దాకా పోవాలి.

నాలుగు. గుళికలు తిండి కోసం చేసినవే వాడు. ఇల్లు వెచ్చబెట్టే గుళికలు వద్దు, వాటిలో ఏ కట్టె పొట్టు ఉందో తెలియదు. తడి తగిలితే గుళిక ఉబ్బి కడ్డీ బిగుసుకుపోతుంది. గంటకు అరకిలో నుంచి కిలోన్నర దాకా కాలుతాయి, ఎక్కువ వేడికి ఎక్కువ. ప్రతిసారీ బూడిద తియ్యి, పళ్ళెం మీద కొవ్వు గీకు. పళ్ళెం తెరిచి కాల్చేవాడికి ఈ ఆఖరి మాట మరీ ముఖ్యం, పేరుకున్న కొవ్వు అంటుకుంటే ఆర్పడం కష్టం. గోడకు దూరంగా పెట్టు.

అన్నీ రాసుకున్నాడు. "అయితే పళ్ళెం తెరిస్తే మంట కనబడతది గదా అక్కా" అన్నాడు.

"కనబడతదిరా."

"పొగ గూడ లేస్తది."

"లేస్తది."

నేను ఇంకేమీ అనలేదు. ఇక్కడ కాలేజీలో, వాడలో, మీటింగుల్లో నా చుట్టూ నలుగురు మనవాళ్ళుంటారు. అక్కడ వాడొక్కడే. ధైర్యంగా ఉండమని ఏడు సముద్రాల ఇవతల నుంచి చెప్పడం తేలిక.

పళ్ళెం తెరుచుకునేదే కొన్నాడు. పోయిన ఆదివారం కాల్చాడు. ఆఫీసులో వాడితో పనిచేసే ఒక నల్లాయన కుటుంబంతో వచ్చాడు. ఎదురింటి తెలుగాయన కూడా వచ్చాడు. నల్లాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఈ కాల్చడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడట. మా నాయనమ్మ దగ్గర అన్నాడట మా వాడు. ఆయన నవ్వి, "నేనూ అంతే" అన్నాడట. తర్వాత ఇద్దరూ బొగ్గులు తెల్లబడడం గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఎదురింటాయన, మీ నాయనమ్మ వాళ్ళది ఊళ్ళో ఎక్కడన్నారు అని మళ్ళీ అడిగాడు.

"బస్టాండ్ వెనక. మాదిగవాడ. ఆమె పేరు ఎల్లమ్మ" అని చెప్పాడట.

ఎదురింటాయన "ఓహో" అన్నాడట. ప్లేటు కింద పెట్టలేదట, మొత్తం తినే వెళ్ళాడట. కానీ ప్రతి బుధవారం వచ్చే క్రికెట్ పిలుపు ఈ బుధవారం రాలేదు.

"బాధగుందారా?" అని అడిగాను.

"ఉంది" అన్నాడు. కొంచెం ఆగి, "వచ్చే ఆదివారం తునకలు పెడత. ఎండబెట్టుడు ఎట్లనో చెప్పు" అన్నాడు.

అది చెప్తూ కూర్చున్నందుకే ఈ భాగం రెండు రోజులు ఆలస్యమైంది. మీ ఇంట్లో నిప్పు దగ్గర కూర్చున్న వాళ్ళ పేర్లు కింద రాయండి. ఇంటిపేరుతో సహా, ఊళ్ళో ఎక్కడో కూడా రాయండి.

వచ్చే భాగం: బడిలో పొయ్యి.

జై భీమ్.

(ఇంకా ఉంది)